అంబులెన్సు వచ్చులోపల

సాయంకాలము ఆరు గంటల వేళ ఆర్టీసీ చౌరస్తా మొదలుకొని నారాయణగూడ వరకు నడచిపోవు మనుజుడు, ఎంతటి ఏకాకియైనను, ఒక్క నిమిషమైనను ఒంటరిగా ఉండజాలడు. మ్యాటనీ విడిచిన జనమొకవైపు, ఫస్టుషోకు త్వరపడు జనము మరొకవైపు, త్యాగరాయ గానసభలో కచేరికో పుస్తకావిష్కరణకో వేళకు ముందే బయలుదేరిన పెద్దలు, చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయమునుండి తీర్థము పుచ్చుకొని వచ్చు గృహిణులు, నగర కేంద్ర గ్రంథాలయములో ఉదయమునుండి కూర్చుండి కనులు మండినవారు, గ్రూప్స్ పరీక్షల పుస్తకముల సంచి భుజమున తగిలించుకొని అశోక్‌నగర్ కోచింగు కేంద్రములనుండి మెస్సులవైపు సాగు యువతీయువకులు, వీరందరును ఒకరి భుజము నొకరు రాచుకొనుచు పోవు వీథులివి. ఇట్టి వీథిలో ఒక మనిషి అకస్మాత్తుగా కుప్పకూలినచో అతని చుట్టును గుంపు చేరుటకు అరనిమిషము చాలును. ఆ గుంపులో ఒక్కనికైనను ఆ క్షణమున తన రెండు చేతులతో ఏమి చేయవలెనో తెలిసియుండుట మాత్రము నేటికిని అరుదు. ఈ అధ్యాయమును ఆ ఒక్కనికొరకు వ్రాయుచున్నాను.

ఈ వీథుల జ్ఞాపకములో 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి ఇంకను మానని గాయముగానే ఉన్నది. ‘పుష్ప 2’ చిత్రము ముందస్తు ప్రదర్శనకై సంధ్య థియేటరువద్ద క్రిక్కిరిసిన జనములో తొక్కిసలాట జరిగి, కుటుంబముతో సినిమాకు వచ్చిన ఒక తల్లి ప్రాణములు కోల్పోయెను. స్పృహ తప్పిన ఆమె కుమారుని, ఆ చిన్నవానిని, గుంపులోనుండి వెలుపలకు తెచ్చిన పోలీసులు, ఆసుపత్రికి తరలింపకముందే, అక్కడికక్కడనే ఛాతీపై ఒత్తుచు సీపీఆర్ (ఆగిన గుండె పనిని చేతులతో సాగించు చికిత్స) చేసిరి. ఆ బాలుడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసివచ్చెను. ఆ కుటుంబము కోల్పోయినదానిని ఏ మాటయు తీర్పజాలదు. అయినను ఆ బాలుని ప్రాణము నిలిచినది. ఆ రాత్రి జరిగినదానికి బాధ్యులెవ్వరో తేల్చుట న్యాయస్థానముల పని, నా పని కాదు. వైద్యుడు దరిదాపుల లేని ఆ నిమిషములలో ఆ బాలునికి అందినవి పక్కనున్న మనుష్యుల చేతులు అను సంగతి మాత్రమే నాకిక్కడ ముఖ్యము.

మన జనులకు దయ లేదని ఎవ్వరైన అన్నచో నేనొప్పుకొనను. పడిపోయిన మనిషి ముఖమున నీళ్లు చల్లుటకు సీసా మూత తీయువారు, ఉల్లిపాయ కోసి ముక్కువద్ద పట్టువారు, ఫిట్సు అనుకొని గుప్పిటిలో తాళముచెవుల గుత్తి ఉంచువారు, అరికాళ్లు రుద్దువారు, నోటిలో సోడా పోయజూచువారు, వీరందరును దయగలవారే. ఆ దయకు దారి తెలియకపోవుటయే లోపము. గుండె ఆగిన మనిషికి వీనిలో ఏదియు పనికిరాదు. స్పృహ లేనివాని నోటిలో పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి జారి కీడు చేయును. అన్నిటికంటెను పెద్ద నష్టము, ఈ ఉపచారములలో కాలము గడచిపోవుట. గుండె ఆగిన తరువాత నాలుగైదు నిమిషములు దాటినచో మెదడు చెడుట ప్రారంభమగును. ఎవ్వరును ఛాతీ ఒత్తనిచో ప్రతి నిమిషమునకును బ్రతుకు అవకాశము నూటికి ఏడునుండి పదివంతుల చొప్పున తరిగిపోవుచుండును. చిక్కడపల్లి ప్రధాన రహదారిలో సాయంకాలపు రద్దీ ఎరిగినవారికి అంబులెన్సు ఎన్ని నిమిషములలో రాగలదో నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక భేదమును స్పష్టము చేయవలెను. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవుట వేరు. గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోయినప్పుడు వచ్చునది గుండెపోటు. ఆ మనిషికి చెమటలు పట్టును, ఎదలో బరువు పెట్టినట్లుండును, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకును. అయినను అతడు మాటలాడుచుండును. మన ఇండ్లలో దీనికే ‘గ్యాస్ పట్టింది’ అని పేరు పెట్టి, ఈనో కలిపి ఇచ్చి, తెల్లవారువరకు వేచియుండు ఆచారమొకటి పాతుకొనిపోయినది; ఆ ఆచారము ఎన్ని ఇండ్లలో దీపములార్పినదో ఊహించినను మనస్సు కలుక్కుమనును. అట్టివానిని కూర్చుండబెట్టి, కదలనీయక, వెంటనే 108కి ఫోను చేయవలెను. అతని ఛాతీ ఒత్తరాదు. గుండె ఆగిపోయినవాడో, పిలిచినను పలుకడు, కుదిపినను కదలడు, ఊపిరి సరిగా తీయడు. సీపీఆర్ ఇతనికొరకు. మొదటివాడు ఏ నిమిషమునందైనను రెండవవానిగా మారవచ్చును గనుక అతనిని విడిచిపోరాదు.

గుర్తించుట ఎట్లు? మొదట మీ భద్రత చూచుకొనుడు. వానకాలములో నీరు నిలిచిన సందులో కరెంటుస్తంభమువద్ద పడినవానిని ముట్టుకొనుటకు ముందు కరెంటు ఆపించవలెను. లేనిచో పడినవారు ఇద్దరగుదురు. అటుపై అతని పక్క మోకాళ్లపై కూర్చుండి, రెండు భుజములను గట్టిగా తట్టుచు, బిగ్గరగా పిలువుడు. పలుకనిచో అతని ఛాతీని, పొట్టను కనిపెట్టి చూడుడు. పది సెకండ్లకు మించి చూడరాదు. నాడికొరకు మణికట్టు వెదకవద్దు. అలవాటు లేనివానికి, ఆ గాబరాలో, ఉన్న నాడి దొరకదు, తన వేళ్లలోని నాడియే అతని నాడిగా తోచును.

ఒక విషయమున చాలమంది మోసపోవుదురు. గుండె ఆగిన మొదటి నిమిషములలో కొందరు నోరు తెరచి, ఉండి ఉండి, గురకవంటి చప్పుడుతో గాలిని గుటకవేసినట్లు పీల్చుదురు. మన పెద్దలు దీనిని ఎగఊపిరి అందురు. చుట్టునున్నవారు ‘ఊపిరి ఆడుతోంది, ఏం కాలేదు’ అని తృప్తిపడి చేతులు కట్టుకొందురు. అది ఊపిరి కాదు. మరికొందరికి మొదటి క్షణములలో కాలుసేతులు కొట్టుకొనును, చూచువారు ఫిట్సనుకొందురు. స్పృహ లేదు, ఊపిరి మామూలుగా లేదు అను ఈ రెండును కనబడినచో మూడవ నిదర్శనముకొరకు వేచియుండక ఒత్తుట మొదలుపెట్టవలెను. ఒకవేళ గుండె ఆగియుండనిచో? ఒత్తిడికి అతడు మూలుగును, చేయి అడ్డుపెట్టును, మీరు ఆపుదురు; గొప్ప హాని ఏమియు జరుగదు. ఆగియుండి మీరు ఒత్తనిచో జరుగు హాని సంపూర్ణము.

ఒత్తుటకు కూర్చుండుచునే సహాయము కోరవలెను. గుంపునుద్దేశించి ‘ఎవరైనా ఫోన్ చెయ్యండి’ అన్నచో ప్రతివాడును పక్కవాడు చేయుననుకొనును, ఎవ్వడును చేయడు. వ్రేలు చూపి ఒక్కొక్కని పిలువవలెను: ‘ఎర్రచొక్కా తమ్ముడూ, నువ్వు 108కి ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టి నా పక్కనే ఉండు.’ ‘అన్నా, నువ్వు మెయిన్ రోడ్డు మీదికెళ్లి అంబులెన్సును ఇటు తీసుకురా.’ ‘అక్కా, ఈ కుర్చీలన్నీ పక్కకు జరిపించండి.’ అశోక్‌నగరు సందులలో, మూడవ అంతస్తు స్టడీహాలులో పడిపోయినవానిని గూర్చి చెప్పునపుడు ‘కోచింగు సెంటరు దగ్గర’ అన్నచో ఆ డ్రైవరుకు ఏమి తెలియును? అక్కడ ఉన్నవన్నియు కోచింగు సెంటరులే. వీథి పేరు, ఎదుటనున్న గుడియో బ్యాంకో మెట్రో స్టేషనో, ఎన్నవ అంతస్తు, లిఫ్టు ఉన్నదా లేదా, ఇవి చెప్పవలెను. 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాదుననే ప్రారంభమైన ఆ 108 సేవ తరువాత అనేక రాష్ట్రములకు వ్యాపించినది. అది మన పెరటిలో మొలచిన సంస్థ, దానికి మన చిరునామా సరిగా అందించుట మన వంతు.

ఇక ఒత్తుట. మనిషిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. మంచముపైనను, బల్లల వరుసపైనను కాదు, ఏలయన పరుపు క్రుంగినచో మీ బలమంతయు పరుపునకే పోవును, గుండెకు చేరదు. చొక్కా గుండీలు తీయుడు. ఛాతీ నడుమ, రెండు చనుమొనల మధ్య, నిలువుగా గట్టిగా తగులునది రొమ్మెముక. దాని దిగువ సగముపై ఒక అరచేతిలో మణికట్టుకు ఆనుకొనియున్న గట్టి భాగమును ఉంచవలెను. దానిపై రెండవ చేతిని ఉంచి, వ్రేళ్లలో వ్రేళ్లు జొనిపి, క్రింది చేతి వ్రేళ్లు ప్రక్కటెముకలను నొక్కకుండ పైకి లాగి పట్టుకొనవలెను. మోచేతులు వంచరాదు. మీ భుజములు సరిగా మీ చేతులకు పైగా నిలువవలెను. అప్పుడు చేతుల బలముతో గాక, నడుము పైభాగపు బరువుతో ఒత్తిడి దిగును. ఛాతీ అయిదు సెంటీమీటర్లు, అనగా రెండంగుళములు, దిగవలెను, ఆరు మించనక్కరలేదు. ఇది చదువునప్పుడు స్వల్పముగా తోచును గాని, చేయునప్పుడు ‘ఇంత గట్టిగానా’ అని భయము వేయును. ఆ భయము వేసినదన్నచో మీరు సరిగా ఒత్తుచున్నారని అర్థము. ప్రతి ఒత్తిడి తరువాతను చేయి ఎత్తివేయక, బరువు మాత్రము పూర్తిగా తీసివేయవలెను. ఛాతీ పైకి లేచినప్పుడే గుండెలోనికి రక్తము తిరిగి చేరును, చేరిన రక్తమునే తరువాతి ఒత్తిడి మెదడునకు పంపును. పెద్దవయస్సువారిలో ఒక ప్రక్కటెముక చిట్లిన చప్పుడు కావచ్చును. చేతులు సరియైన చోట ఉన్నవో లేవో మరల చూచుకొని, ఆపక కొనసాగింపవలెను, ఎముక అతుకుకొనును.

వేగము నిమిషమునకు నూరునుండి నూటయిరువది వరకు. గడియారము చూచు తీరిక ఉండదు గనుక బిగ్గరగా లెక్కపెట్టుట మేలు. అయితే మన భాషలో ‘ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది’ అని నోరారా పలుకులోపల రెండేసి ఒత్తిళ్లు దాటిపోవును, లెక్కకొరకు చేయి మందగించును. ఒకటినుండి పదివరకు లెక్కించి, మరల ఒకటి మొదలుపెట్టి, అట్లు మూడు పదులు చేయుట నాకు తెలిసిన సులభోపాయము. గానసభలో ముందువరుసన కూర్చుండి తొడపై తాళము వేయు రసికులకు ఈ విద్య ఇతరులకంటె త్వరగా పట్టుబడవలెను. సెకనుకు రెండు దెబ్బల కన్న ఒక పిసరు తక్కువ వేగముతో నిలుకడగా సాగవలసిన పని యిది, ఉద్వేగములో నడక ఎత్తిపోవుటయే ఇచ్చటను ప్రమాదము. రెండు నిమిషములు గడుచునప్పటికి ఎంతటి బలవంతునికైనను చేయి తేలిపోవును, ఆ సంగతి అతనికే తెలియదు. కావున రెండేసి నిమిషములకు మనిషి మారవలెను; మారుటలో అయిదారు సెకండ్లకు మించి విరామముండరాదు. గుంపు నిజముగా ఉపకరించునది ఇక్కడనే.

నోటిలో నోరుపెట్టి శ్వాస ఇచ్చుటను తలచుకొనియే అనేకులు వెనుకడుగు వేయుదురు. ఆ సంకోచమును గుర్తెరిగియే మన దేశపు మత్తువైద్య నిపుణులు 2017లో సామాన్యులకొరకు కేవలము ఛాతీ ఒత్తుటతో సాగు పద్ధతిని రూపొందించిరి: గుర్తించుట, సహాయమునకు పిలుచుట, ఆపకుండ ఒత్తుట, త్వరగా ఆసుపత్రికి చేర్చుట, ఇంతమాత్రమే. గుండె హఠాత్తుగా ఆగిన పెద్దవాని రక్తములో కొన్ని నిమిషములకు సరిపడు ప్రాణవాయువు మిగిలియుండును గనుక ఒత్తుటయే ముందు కావలసినది. అయితే నీటిలో మునిగినవారికి, పసిపిల్లలకు, తొక్కిసలాటలో నలిగి ఊపిరాడక పడినవారికి మొదట కొరవడినది ఊపిరియే. శిక్షణ పొందినవారు ఇట్టివారికి తల కొంచెము వెనుకకు వంచి, గడ్డమెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచునంత మాత్రము ఊదుచు, ముప్పది ఒత్తిళ్లకు రెండు శ్వాసల చొప్పున ఇయ్యవలెను. శిక్షణ లేనివారు ఒత్తుట మాత్రము చేసినను, ఏమియు చేయకుండుటకంటె అనేకరెట్లు మేలు. చిన్నపిల్లలకు ఒక చేయి చాలును. ఏడాదిలోపు శిశువును రెండు చేతులతో చుట్టి పట్టుకొని రెండు బొటనవ్రేళ్లతో ఒత్తవలెను. లోతు ఛాతీ మందములో మూడవవంతు.

స్త్రీ పడిపోయినప్పుడు చుట్టునున్న పురుషులు వెనుకాడుదురు. ఇతర దేశములలో జరిగిన పరిశీలనలలో సైతము బహిరంగస్థలములలో స్త్రీలకు ఈ సహాయము పురుషులకంటె తక్కువగా అందుచున్నట్లు తేలినది. మన వీథులలో ఆ సంకోచము ఇంకను దట్టముగా ఉండుననుటలో నాకు సందేహము లేదు. పమిటగాని చున్నీగాని మెడకు చుట్టుకొనకుండ తొలగించి, అదే రొమ్మెముకపై, అదే లోతున, అదే వేగమున ఒత్తవలెను. చుట్టునున్న స్త్రీలను వెలుపలివైపునకు తిరిగి మరుగుగా నిలువుమని కోరుడు, వారు నిలుతురు. ఆ తల్లి బిడ్డలు రేపు మిమ్ములను అడుగబోవు ప్రశ్న ‘ఎందుకు తాకితివి’ అన్నది కాదు.

కేసులలో ఇరుక్కొందుమను భయము మరొకటి. రోడ్డుప్రమాదములలో గాయపడినవారికి తోడ్పడినవారిని వేధింపరాదని 2016 మార్చి 30న సర్వోన్నత న్యాయస్థానము కేంద్రప్రభుత్వ మార్గదర్శకములకు శాసనబలము నిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఏ సెక్షను ఆ రక్షణను చట్టములోనే నిలిపినది. రోడ్డుప్రమాదము గాని సందర్భములలోను, ఎదుటివాని మేలుకోరి, అతని అనుమతి పొంద వీలులేని వేళ సద్భావముతో చేసిన పనిని నేరముగా ఎంచరాదను సూత్రము 1860 నాటి శిక్షాస్మృతి 92వ సెక్షనులోనే ఉన్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు దానిని విడువలేదు.

కొన్ని పెద్ద భవనములలో ఏఈడీ యను విద్యుత్పరికరము పెట్టెలో ఉండును. గుండె ఆగిన చాలసందర్భములలో గుండె నిశ్చలము కాదు, లయ తప్పి వణకుచుండును. ఆ వణకును ఆపి లయను తిరిగి నెలకొల్పుటకు విద్యుద్ఘాతము తోడ్పడును. మూత తెరచి మీట నొక్కినచో అది తానే మాటలాడును. చెమట తుడిచి, బొమ్మలో చూపినచోట పట్టీలు అంటించి, అది చెప్పినట్లు చేయుటయే. అవసరము లేనివానికి అది షాకు ఇయ్యదు. అది తెచ్చువరకును, తెచ్చిన తరువాతను, ముట్టవద్దని అది చెప్పు క్షణములలో తప్ప, ఒత్తుట ఆగరాదు.

ఛాతీని వెలుపలనుండి ఒత్తి రక్తమును నడపవచ్చునని లోకమునకు తెలిసి ఎంతోకాలము కాలేదు. అంతకుముందు ఛాతీ కోసి గుండెను చేతితో పిసుకువారు. అది శస్త్రవైద్యుని పని. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో కౌవెన్‌హోవెన్ అను విద్యుత్తు ఇంజనీరు, జూడ్, నికర్‌బాకర్ అను సహచరులతో కలిసి, కత్తి లేకయే ఆ పని సాధ్యమని 1960లో ప్రకటించెను. ఆ నివేదిక సారమంతయు రెండు చేతులున్న ఎవ్వరైనను, ఎక్కడనైనను ఈ పని ప్రారంభింపవచ్చునన్నదే. అయినను మన నగరమున ఆ విద్య వీథిలోనికి వచ్చుటకు అరువదియేండ్లు పట్టినది. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో కూలిపోయిన ఒక మనిషికి అక్కడ విధులలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులు ఛాతీ ఒత్తి ప్రాణము నిలిపిన దృశ్యమును రాష్ట్రమంతయు చూచెను. ఆ మార్చిలోనే రాష్ట్రప్రభుత్వము ఈ శిక్షణను పెద్దయెత్తున ప్రారంభించెను. సంధ్య థియేటరువద్ద ఆ రాత్రి పోలీసుల చేతులు తడబడకుండుటకు ఇట్టి ప్రయత్నములే కారణమని నేను నమ్ముచున్నాను.

వ్యక్తిత్వమును గూర్చిన పుస్తకములో ఈ అధ్యాయమేల అని మీరడుగవచ్చును. ధైర్యము ఆపద వచ్చిన క్షణమున పుట్టదు. ముందుగా నిశ్చయించుకొన్నవానికే ఆ క్షణమున అది అందుబాటులో ఉండును. ‘నా ఎదుట ఎవ్వరైన పడినచో ముందు మోకాళ్లపై కూర్చుండువాడను నేనే’ అని ఈనాడే మనస్సులో స్థిరపరచుకొన్నవాడు రేపు గుంపు వెనుక నిలిచి మెడ సాచి చూడడు. అయితే ఒక సత్యమును దాచరాదు. ఎంత శ్రద్ధగా ఒత్తినను అనేకులు బ్రతుకరు. అంబులెన్సు సిబ్బంది వచ్చి అందుకొనువరకో, ఆ మనిషి కదలి మామూలుగా ఊపిరి తీయువరకో, మీ శక్తి పూర్తిగా ఉడిగిపోవువరకో చేయుట మీ బాధ్యత; ఆపై ఫలితము మీ చేతిలోనిది కాదు. అట్టిరాత్రి నిద్రపట్టనిచో ఇంటివారితోనో స్నేహితునితోనో జరిగినది జరిగినట్లు చెప్పుకొనుడు, రోజులు గడిచినను తేరుకొననిచో వైద్యుని కలియుడు.

చదివినంతమాత్రమున చేతులకు ఈ విద్య రాదు. దిండుపై ఒత్తి చూచినచో భంగిమయు లయయు తెలియును గాని లోతు తెలియదు. దానికి శిక్షణబొమ్మ కావలెను, పక్కన నిలిచి సరిదిద్దు మనిషి కావలెను. స్టడీహాలు నడుపువారు, హాస్టలు యజమానులు, గానసభకు నిత్యము వచ్చు పెద్దలు, అపార్టుమెంటు సంఘములవారు ఒక ఆదివారమునాడు గంటన్నర కేటాయించి, తమకు తెలిసిన మత్తువైద్యునో ఆసుపత్రి అత్యవసర విభాగపు నర్సునో పిలిపించుకొన్నచో ఇరువదిముప్పదిమందికి ఒక్కపూటలో నేర్పవచ్చును. ఏడాదికొకసారి మరల చేసి చూచుకొనవలెను, ఏలయన వాడని నేర్పు చేతులనుండి జారిపోవును. ఆనాడే ఆ హాలు గోడపై, అందరికిని కనబడు ఎత్తున, ఆ భవనపు పూర్తి చిరునామాను, గుర్తుగా చెప్పదగిన ఎదుటి కట్టడమును, 108 అను అంకెను పెద్దయక్షరములతో వ్రాసి అంటింపుడు. పరీక్షలకై నిన్ననే పాలమూరునుండియో ఆదిలాబాదునుండియో వచ్చి చేరిన పిల్లవానికి తానున్న సందు పేరు ఇంకను తెలిసియుండదు.